బండ మీద చోటు

“ఆంధ్రా యూనివర్సిటీ కింద నా ఐఐటీ వేస్తారా?” బెన్నీ నల్లబండ మీద అరచేత్తో చరిచాడు.

“మెల్లగా బాబూ, సుద్దగీతలు చెరిగిపోతాయి” అన్నాడు రాళ్ళ షాపు రత్తయ్య.

అది బెన్నీ నాన్న బాలశౌరి సమాధికి పెట్టే బండ. సమాధుల పండుగ లోపల పెట్టించాలని తల్లి మార్త ఇద్దరు కొడుకుల్నీ వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన పేరు పెద్దక్షరాల్లో, పుట్టిన తేదీ, పోయిన తేదీ, కింద ఒక వాక్యం. ఆమె అడిగింది అంతే. అడుగున కొడుకుల పేర్లు ఉండాలన్నాడు పెద్దవాడు జోయెల్. పేర్లున్నాక డిగ్రీలు ఉండొద్దా అంది అతని భార్య డయానా. ఎక్కడ చదివారో వేయకపోతే డిగ్రీలకు విలువేముందన్నాడు బెన్నీ. అక్కణ్ణుంచి మొదలైంది.

“పెద్దవాడి పేరు పైనుండటం పద్ధతి” అన్నాడు జోయెల్. “అయినా ఆంధ్రా యూనివర్సిటీ అంటే ఏమనుకున్నావురా? తెల్లదొరలున్నప్పుడు పెట్టింది.”

“పాతదైతే గొప్పదా? కొండపల్లి కోట ఇంకా పాతది. పోయి అక్కడ చదవాల్సింది.”

డయానా నవ్వబోయి, మొగుడి మొహం చూసి ఆపుకుంది.

“నీ ఐఐటీ అసలు యూనివర్సిటీయే కాదు, ఇన్‌స్టిట్యూట్. బెంజ్ సర్కిల్లో టైపు నేర్పేది కూడా ఇన్‌స్టిట్యూటే.”

“ఆ మాట బయట అనకు, నవ్వుతారు. ఇదిగో, ర్యాంకులు చూడు.” బెన్నీ ఫోను తీసి అన్న ముక్కు ముందు పెట్టాడు.

“ర్యాంకులు ఏటా మారతాయిరా. రాతి మీద అక్షరం మారుద్దా?”

“మీ అన్నయ్యకి గోల్డ్ మెడల్ వచ్చింది బెన్నీ. అది కూడా వేయించాలి” అంది డయానా.

“అయితే నా ఎంట్రన్స్ ర్యాంకు కూడా వేయించండి వదినా. ఎందుకు తక్కువ?”

రాస్తూ చెరుపుతూ రత్తయ్య విసిగిపోయాడు. “ఇది బండ బాబూ, లాగితే సాగటానికి రబ్బరు కాదు. ఇంత మేటరు పట్టదు.”

“వాక్యం తీసెయ్” అన్నాడు జోయెల్.

మార్త ఉలిక్కిపడింది. “అదేందిరా! మీ నాన్న రోజూ పాడుకునే కీర్తన అది.”

“మనసులో ఉంటుందిలే అమ్మా.”

“తేదీలు కూడా ఎందుకు? మనకు గుర్తేగా” అన్నాడు బెన్నీ.

అవీ పోయాయి. ఇంకా చోటు చాలలేదు. పొద్దుట్నుంచీ కొట్టుకుంటున్న అన్నదమ్ములు అప్పుడు మొదటిసారి ఒక మాట మీదికి వచ్చారు. నాన్న పేరు కాస్త చిన్నక్షరాల్లో వేస్తే సరిపోతుందన్నారు. ఆయన్ని ఎరగనివాళ్ళెవరని అడిగారు.

మార్తకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఎవరి సమాధిరా ఇది? మీ నాన్నదా, మీ కాలేజీలదా?”

“నీకు తెలియదమ్మా. రేపు నలుగురూ వచ్చి చదువుతారు. పిల్లల్ని ఎంతెంత గొప్పచోట చదివించాడో అనుకుంటారు. అది నాన్నకే గౌరవం” అన్నాడు జోయెల్.

“ఆయన గౌరవం మీ సర్టిఫికెట్లలో ఉందేంట్రా?”

ఆ మాట ఎవరి చెవినా పడలేదు. అన్నదమ్ములు మళ్ళీ ఏది పైన, ఏది కింద అనే దగ్గరికి వెళ్ళిపోయారు. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి చూస్తున్నారు.

“ఆపండి!” అంది మార్త. “మీరు ఇళ్ళకు పోండి. ఇద్దరివీ పక్కపక్కన, ఒకే వరసలో, ఒకే సైజులో వేయిస్తా. గోల్డ్ మెడలూ, ర్యాంకూ, అన్నీ. సరేనా?”

“చోటెక్కడిదమ్మా?”

“అది నేను చూసుకుంటాగా.”

కారెక్కాక కూడా వాళ్ళ వాదన వినిపిస్తూనే ఉంది. మార్త రత్తయ్య వైపు తిరిగింది.

పండుగనాడు సమాధుల తోట నిండా బంతిపూలు, కొవ్వొత్తులు. చుట్టాలంతా వచ్చారు. బండ మీద గుడ్డ తీయగానే బంగారు రంగు అక్షరాలు ధగధగలాడాయి. ఎడమవైపు జోయెల్, ఎమ్మెస్సీ, గోల్డ్ మెడల్, ఆంధ్రా యూనివర్సిటీ. కుడివైపు బెన్నీ, బీటెక్, ర్యాంకు, ఐఐటీ. డయానా వరసగా ఫోటోలు తీసింది. ఇద్దరి మొహాలూ విచ్చుకున్నాయి.

“ఎవరైనా ఎడమవైపునుంచే చదువుతారు” అన్నాడు జోయెల్, తమ్ముడికి మాత్రమే వినపడేలా.

“కుడివైపే గౌరవం. బైబిల్ తీసి చూడు” అన్నాడు బెన్నీ.

ఫాదర్‌గారు ఆ చర్చికి కొత్త. ఈ కుటుంబాన్ని చూడటం అదే మొదలు. తీర్థజలం చేతపట్టుకుని, బండ వైపు ఒకసారి వంగి చూసి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు.

“ప్రభువా, మీ సేవకులైన జోయెల్, బెన్నీల ఆత్మలకు నిత్య విశ్రాంతిని...”

“ఫాదర్! మేం బతికే ఉన్నాం!” ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

ఫాదర్‌గారు కంగారుపడ్డారు. “క్షమించండి. రాతి మీద ఈ పేర్లే ఉన్నాయి. మరి చనిపోయినవారి పేరు?”

అన్నదమ్ములు వంగి వెతికారు. పూలదండలు పక్కకు లాగి చూశారు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వాళ్ళ పేర్లూ చదువులే తప్ప ఇంకొక అక్షరం లేదు.

“ఆ రత్తయ్య తాగి చెక్కాడా ఏంటి? అసలు పేరే మర్చిపోతాడా?” జోయెల్ ఊగిపోతూ ఫోను తీశాడు.

“అతన్నేం అనకు, నేనే వద్దన్నాను” అంది మార్త. “మీ నాన్న ఏ యూనివర్సిటీలోనూ చదవలేదుగా, ఆ బండ మీద ఆయనకేం పనిరా?”