కర్రసాము పిల్ల

మేడమెట్లెక్కి వచ్చిన ఆడమనిషి ఊతకర్రను గోడకు ఆనించి, నివేదిత పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చుంది.

అంతలో ఆమె ఫోను మోగింది.

"చేరినా అత్తా. నిదానంగానే ఎక్కినాలే. నువ్వు భయపడొద్దు."

ఈ అరవ ఊళ్లో తెలుగు మాట వినబడేసరికి నివేదితకు సంతోషం వేసింది.

"మీరూ మన తెలుగేనా అక్కా? యాడుండేది?"

"అరియాంకుప్పంలో మా అత్త ఇల్లు. కాలి వైద్యానికని వచ్చి ఆడ్నే ఉండా. నా పేరు లోకేశ్వరి."

ఉప్పళంలో గురు నడిపే ఆ వీడియోగేముల కొట్టుకు పెళ్లీడు దాటిన ఆడవాళ్లు రారు. వచ్చినా పిల్లల్ని వెతుక్కుంటూ వస్తారు.

నివేదిత కూడా పెద్ద ఆటగత్తేమీ కాదు. నెల్లితోపులో ఆఫీసు పని. శనివారం సాయంత్రం వచ్చి, ముందు పాతకాలపు ఫైటింగ్ గేమ్ కాసేపు ఆడుతుంది. ఆ తరువాత కొత్తది పెట్టించుకుంటుంది. గెలిచినా ఓడినా హాయిగా ఇంటికి పోతుంది.

"నాతో ఆడతావా?" అంది లోకేశ్వరి, కొత్త గేమ్ చూపించి.

"రండక్కా. ఎవర్ని తీసుకుంటారు?"

తెర మీద వరసగా నిలబడ్డ యోధుల్లో చీర బిగించి కట్టి, పొడుగాటి కర్ర పట్టుకున్న పిల్ల ఒకతి ఉంది. లోకేశ్వరి నేరుగా ఆ పిల్లనే చూపించింది.

"ఆ పిల్ల వద్దక్కా. ఈడ ఎవురూ తీసుకోరు. చూసేకి బాగుంటాది, అంతే. దెబ్బలో బలం లేదు."

"పరవాలేదు. ఆ పిల్లే కావాల."

ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో లోకేశ్వరికి తెలియదు. నివేదిత ఆడించే బొజ్జ మల్లుడు కర్రసాము పిల్లను ఎత్తి కుదేశాడు.

పిల్ల కింద పడగానే లోకేశ్వరి మొహం ముడుచుకుపోయింది.

"ఇంగో తూరి," అంది.

మళ్లీ పడింది.

"ఇంగో తూరి."

కొట్టు మూసేవేళ వరకూ అదే మాట.

తరువాతి శనివారమూ వచ్చింది.

"ఆమె దినామూ వస్తాంది. వైద్యం అయినాక ఒంటిగా కూర్చోని ఆడుకుంటాది," అన్నాడు గురు.

ఆ రోజు కూడా లోకేశ్వరి గెలవలేదు. కానీ పిల్ల అంత తొందరగా పడనూ లేదు. దెబ్బ వచ్చినప్పుడల్లా కర్ర అడ్డం పెట్టి కాచుకుంది.

"కొట్టరేంది అక్కా?"

"కొట్టేది తరవాత. ముందు కింద పడకుండా నిలబడేది నేర్చుకోవాల."

"పనికిరాని పిల్లతో ఎందుకక్కా తంటాలు? వేరేవాళ్లని తీసుకోండి."

"పిల్ల పనికిరానిది కాదు. నా చేతికే ఇంకా రాలేదు."

బటన్లు నొక్కీ నొక్కీ లోకేశ్వరి బొటనవేలు బొబ్బెక్కింది. చుట్టూ ప్లాస్టర్ అంటించుకుని మళ్లీ కంట్రోలర్ అందుకుంది.

ఆ పిల్లకు ఒక విద్య ఉంది. పైకి ఎగిరి, కర్రను తల చుట్టూ తిప్పి, గాలిలోనే కాలు విసురుతుంది. ఆట ముగిశాక కూడా లోకేశ్వరి అదే బటన్ నొక్కుతూ చూస్తూ కూర్చునేది.

నివేదిత నవ్వింది. "నిజంగా ఎవురన్నా ఇట్లా ఎగురుతారా అక్కా? అంతా కంప్యూటర్‌లో గీసిన బొమ్మే కదా!"

లోకేశ్వరి మళ్లీ అదే బటన్ నొక్కింది.

కొన్ని వారాలు గడిచాయి. ఒక శనివారం వస్తూనే చెప్పింది.

"రేపు బెంగుళూరు పోతాండా. వైద్యం అయిపోయింది. ఈ దినం నిన్ను గెలిచే పోవాల."

నివేదితకు జాలేసింది. చేతులు వదులు చేసింది. మల్లుడి దెబ్బలు గాలికి పోతున్నాయి.

లోకేశ్వరి కంట్రోలర్‌ను ఒళ్లో పెట్టేసింది.

"ఏంది, కావాలనే విడిచిపెడతాండావా?"

"అది కాదక్కా..."

"నా కాలు చూసి అందరూ దోవ ఇస్తారు. బస్సులో సీటిస్తారు. అది సరే. ఈడ మాత్రం విడవొద్దు. గట్టిగా కొట్టు."

నివేదిత సిగ్గుతో తల వంచుకుంది. ఆట మొదటినుంచి పెట్టింది. ఈసారి నిజంగానే కొట్టింది.

మొదటి రౌండ్ నివేదితది. రెండోది లోకేశ్వరిది. గురు కూడా లేచి వచ్చి వెనక నిలబడ్డాడు.

మూడో రౌండ్‌లో పిల్లకు ప్రాణం వెంట్రుకవాసే మిగిలింది. మల్లుడు కొట్టాడు, కాచుకుంది. మళ్లీ కొట్టాడు, మళ్లీ కాచుకుంది. ఎత్తి కుదేయడానికి వాడు చేతులు చాచాడు.

పిల్ల అక్కడ లేదు.

పైకి ఎగిరింది. కర్ర తిరిగింది. కాలు మల్లుడి గుండెల్లో దిగింది.

గురు ఈల వేశాడు. లోకేశ్వరి మాత్రం కేక వేయలేదు. గెలిచిన పిల్ల తెర మీద నిలబడి ఉన్నంతసేపూ రెప్ప వేయకుండా చూసింది.

"చాలమ్మా. బాగా ఆడినావు."

ఊతకర్ర అందుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఓడిపోయిన ఉక్రోషంలో నివేదితకు ఆమె ఫోన్ నంబరు అడగాలని కూడా తోచలేదు.

వర్షాలు మొదలయ్యాక ఒక శనివారం గురు పిలిచాడు.

"నివేదితా, ఇట్ల రా. ఈ గేమ్ ఎట్ల చేసినారో కంపెనీవాళ్లు వీడియో పెట్టినారు."

తెర మీద పెద్ద ఖాళీ హాలు. గోడల చుట్టూ కెమెరాలు. మధ్యలో ఒంటికి అతుక్కున్న నల్ల దుస్తుల్లో ఒక స్త్రీ, వెనక్కి తిరిగి నిలబడి ఉంది. దుస్తుల నిండా చిన్న చిన్న తెల్ల గుండ్లు.

ఆమె పరుగెత్తింది. ఎగిరింది. కర్రను తల చుట్టూ తిప్పి కాలు విసిరింది. పక్కనే చిన్న చదరంలో, అదే క్షణాన, కర్రసాము పిల్ల కూడా ఎగిరి కాలు విసిరింది.

"చూసినావా? ఆ గుండ్లను కెమెరాలు పట్టుకుంటాయంట. ఆమె ఆట ఎట్లుంటే అట్లనే పిల్లకి ఎక్కించినారు," అన్నాడు గురు. "మూడేండ్ల కింద తీసిందంట."

నివేదిత కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి నడిచింది.

రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడి, చెమట తుడుచుకుంటూ, ఇటు తిరిగి నవ్విన ఆ మనిషి లోకేశ్వరి.