పార్కింగ్‌లో చేపల విందు

విఠల్‌రావు చేతిలో ఆ ఉదయం ఉన్నవి రెండే: బ్యాంకులో డబ్బు, ఒంట్లో ఓపిక. పూజా సామగ్రి దుకాణం నడిపే మనిషికి రెండోదే అసలు పెట్టుబడి. సైదాబాద్‌లో తానుంటున్న బిల్డింగులోనే, సరిగ్గా తన నెత్తిమీద ఒక ఫ్లాటు ఏడాదిగా అమ్ముడుపోకుండా ఉంది. కొడుకు ముకుంద్ కోసం దాన్ని కొనాలి. కానీ బిల్డరు ప్రహ్లాద్ మూడు లక్షలు దిగాకే కొనాలి.

దుకాణానికి బయల్దేరి కిందికి వచ్చేసరికి ఆ ప్రహ్లాదే పార్కింగ్‌లో టేపు పట్టుకుని కొలతలు తీస్తున్నాడు. పక్కన చేతిలో కాయితంతో ఓ వంటమనిషి.

“ఏంది ప్రహ్లాద్, నా స్కూటర్ జాగ కొలుస్తున్నవ్?”

“ఎల్లుండి జనవరి ఒకటి గదన్నా, సెలవు. ఫ్లాటు చూపెట్టనీకి ఓపెన్ హౌస్ పెడుతున్న. వచ్చినోళ్లు పైన చూస్తరు, కింద తింటరు. ఈడ బఫే. ఒక్కపూట స్కూటర్ బయట పెట్టుకోండ్రి.”

“దానికేం, పెట్టుకుంట. ఏం తినిపిస్తవ్, ఇడ్లీ వడనా?”

“ఇడ్లీకి ఫ్లాటు అమ్ముడుపోతదా అన్నా? కాకినాడ దిక్కు నుంచి వచ్చిన ఆఫీసర్లు మన కాలనీల మస్తు మందున్నరు. వాళ్లందర్నీ పిలిచిన. వైకుంఠం, లిస్టు చదువు.”

వంటమనిషి గొంతు సవరించుకున్నాడు. “వంజరం వేపుడు. కొరమీను పులుసు. రొయ్యల ఇగురు. రొయ్యల పకోడి. పీతల కూర. నెత్తళ్ల వేపుడు. చేపల బిర్యానీ...”

విఠల్‌రావు చెయ్యి దానంతటదే ముక్కు మీదికి వెళ్లింది. గుడి సేవలో ఉన్న ఇల్లు వాళ్లది. ఇంట్లో ఉల్లిపాయ తరగాలన్నా వారం చూసుకుంటారు. వాళ్ల వంటింటి కిటికీ ఈ పార్కింగ్ మీదికే తెరుచుకుంటుంది.

అయినా వ్యాపారి గనుక కోపం తెచ్చుకోలేదు. బేరం మొదలుపెట్టాడు.

“పులుసు చేసుకో. వేపుళ్లు తీసెయ్. వాసన పైదాంక ఎక్కుతది.”

“వేపుడు లేకుంటే శ్రీహరిరావు గారు రానే రారన్నా. కన్‌ఫం పార్టీ ఆయన. సరే, మీ మాట మీద నెత్తళ్లు తీసేస్త. వంజరం ఉండనియ్యుండ్రి.”

“మరి పీతలు?”

“అవి వాళ్ల మేడం కోసం. బతికున్నవి అయితేనే తింటదట. రేపు సాయంత్రమే తెచ్చి మెట్ల కింద టబ్బుల పెడతం.”

“టబ్బులకెళ్లి బయటకొస్తే?”

“ఫికర్ చెయ్యకుండ్రి. పీతకు లిఫ్టు బటన్ అందదు.”

“నవ్వులాటనా? పొయ్యి అవతల రోడ్డు మీద పెట్టుకో.”

“రోడ్డు మీద పెడితే పోలీసులొస్తరు. ఈడ పెడితే మీరొక్కరే వస్తరు.”

అరగంట బేరంలో విఠల్‌రావు నెత్తళ్లనూ రొయ్యల పకోడినీ తీయించగలిగాడు. మిగతావన్నీ అలాగే ఉన్నాయి. దుకాణం సంగతి మరిచి మళ్లీ పైకెక్కాడు.

భార్య రమాబాయి అంతా కిటికీలోంచి వింటూనే ఉంది.

“ఒక్కరోజే గదా,” అన్నాడాయన. “కిటికీలు మూసుకుని కూసుందాం. ఇంకో నెల ఆగితే వాడు మూడు లక్షలు దిగుతడు.”

“ఒక్కరోజేంది? ఆ పీతలావిడ తిని, ఫ్లాటు కొని, పైకొస్తే? మనకు రోజూ జనవరి ఒకటే! వాళ్ల పొయ్యి సక్కగ మన దేవుడి అర్ర మీదికొస్తది.”

“మూడు లక్షలే...”

“మీరు మూడు లక్షలు చూస్కుంట కూసోండ్రి. నేను మెట్ల మీద పీతలొస్తున్నయేమో చూస్త.”

విఠల్‌రావు ఫోనులో లెక్క కట్టాడు. మూడు లక్షలను ముప్పై ఏళ్ల ఆదివారాలతో భాగించాడు. ఆదివారానికి నూట తొంభై రెండు రూపాయలు. పైనుంచి దిగే చేపల వాసనను చంపడానికి, తన దుకాణంలో కొన్న ధరకే తెచ్చుకున్నా, అంతకంటే ఎక్కువ డబ్బు అగరుబత్తీలకే అవుతుంది.

చెక్కుబుక్కు తీసుకుని కిందికి దిగాడు.

“ప్రహ్లాద్, ఆ ఫ్లాటు నాకు రాయి.”

“అరె, శ్రీహరిరావు గారికి మాటిచ్చిన గదన్నా!”

“ఆయన చూడనే లేదు, మాటేంది? ఇగో బయానా చెక్కు. రేటు ఎంత తగ్గిస్తవో చెప్పు.”

“చేపలు తినేటోళ్లు రేటు దిగమంటలేరన్నా,” అన్నాడు ప్రహ్లాద్ దిగులుగా.

విఠల్‌రావు పళ్లు బిగబట్టి, మొదటినుంచీ చెబుతున్న రేటుకే సంతకం పెట్టాడు. ప్రహ్లాద్ రసీదు రాసిచ్చాడు. లిస్టును నాలుగు ముక్కలు చేశాడు. టేపు జేబులో పడేసుకుని, ఆఫీసరుకు ఏదో ఒకటి సర్దిచెప్పుకోవాలంటూ బండెక్కి వెళ్లిపోయాడు.

విఠల్‌రావు మనసులో లెక్క ముగించాడు. పోయింది మూడు లక్షల ఆశ. వచ్చింది కొడుకుకు ఇల్లు, దేవుడి అర్రకు రక్ష, భార్య దగ్గర మర్యాద. మొత్తమ్మీద నష్టం లేదు. ఆ తృప్తిలో, గోడకానుకుని నిలబడ్డ వంటమనిషిని చూస్తే జాలేసింది. జేబులో చెయ్యి పెట్టాడు.

“నా వల్ల నీ పని పోయింది వైకుంఠం. చేపలకు అడ్వాన్సు గిట్ల కట్టినవా? నష్టమెంతో చెప్పు, నేనిస్త.”

“అయ్యో, నాకేం నష్టం సార్? నేను కిషన్‌బాగ్ గుడిల పులిహోర చేసేటోన్ని, చేపను ముట్టనే ముట్ట. మీకు ఇనపడేటట్టు ఆ పేర్లు గట్టిగ చదివినందుకు ప్రహ్లాదన్న ఐదువందలిచ్చిండు!”