పొద్దుటి మాత్ర

"మీ ఆవిడ మాత్రలు మింగుతోందా, పూలకుండీలో పాతేస్తోందా?" రిపోర్టు బల్ల మీద పడేస్తూ అడిగింది డాక్టరమ్మ.

మేకులాయనకి ఒళ్ళు మండింది. ఇనుప సామాన్ల కొట్టులో ఇన్నేళ్ళుగా కూర్చుని, తూకంలో ఒక్క మేకు తగ్గిందని ఎవరిచేతా అనిపించుకోని మనిషి.

"మేం పెట్టింది మేకుల కొట్టమ్మా, అబద్ధాల కొట్టు కాదు. ఏమే, నువ్వే చెప్పు. వేసుకుంటున్నావా లేదా?"

"వేసుకుంటున్నానండీ" అంది పక్క కుర్చీలోంచి అతని భార్య. ఒకప్పుడు నాలుగిళ్ళకి వినపడే గొంతు. ఇప్పుడు జలుబు చేసినట్టు బొంగురుపోయింది. మొహం ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. బయట ఎండ మాడ్చేస్తున్నా ఒంటి మీద స్వెట్టరు తీయలేదు.

"మరి థైరాయిడ్ దారికి రాదేం? నేను డోసు పెంచుకుంటూనే పోతున్నాను. రోజూ కాస్త నడవమనండి. ఒళ్ళు తగ్గించుకోమనండి."

"నడకా? వంటింట్లోంచి వరండాలోకి రావాలంటేనే గోడ పట్టుకుంటోంది. దువ్వెన పెడితే జుట్టు చేతికొస్తోంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే కునుకు తీస్తోంది. మీకు ముందు చూసిన డాక్టర్లలో ఒకాయన వయసు మీదకి నెట్టాడు, ఇంకొకాయన మనసు మీదకి నెట్టాడు. మీరేమో ఒంటి బరువు మీదకి నెడుతున్నారు. అందరూ నెట్టేవాళ్ళేగానీ పట్టుకునేవాళ్ళేరమ్మా?"

డాక్టరమ్మ నర్సుని పిలిచి, బరువు చూడమని ఆమెను బయటికి పంపించింది. నర్సు చెయ్యి పట్టుకుని ఆమె కుర్చీలోంచి లేవడం, గుమ్మం దాటడం మేకులాయన చూస్తూ ఉండిపోయాడు. తలుపు మూసుకుంది.

"ఆవిడ ముందు చెప్పలేదు" అంది డాక్టరమ్మ. "స్కానులో గుండె చుట్టూ నీరు కనిపిస్తోంది. ఇలాగే సాగితే మనిషి దక్కడం కష్టం. ఇప్పుడైనా నిజం చెప్పండి. మధ్యమధ్యలో మానేస్తోంది కదూ?"

వ్యాపారంలో అతని లెక్క సూటిగా ఉండేది. బోల్టు పట్టలేదంటే సరుకైనా నాసిరకం కావాలి, బిగించిన చెయ్యి అయినా తప్పు కావాలి.

"మీ సరుకులోనే ఏదో ఉందమ్మా. ఎందుకంటే ఇస్తున్నది నేను. గ్యాస్ పొయ్యి ఎటు తిప్పితే వెలుగుతుందో తెలియకుండా ఇన్నేళ్ళు కాపురం చేసినవాణ్ణి, ఇప్పుడు తెల్లారగానే లేచి చిక్కటి పాలు పోసి కాఫీ కలుపుతున్నాను. మంచం మీద పక్కన కూర్చుని మీ మాత్ర ఒకటి, ఎముకలకని ఇంకో డాక్టరు రాసిన కాల్షియం మాత్ర ఒకటి నా చేత్తో నోట్లో వేసి తాగిస్తాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా కదలను. ఆ కబురూ ఈ కబురూ చెబుతుంది, వింటాను. మేస్త్రీలు సామానుకొచ్చే వేళ అది. ఎదురు కొట్టువాడు నా గిరాకీ అంతా ఎగరేసుకుపోతున్నాడు. పోతే పోనీ అనుకున్నాను. ఇంకా మానేస్తోందంటారేంటి?"

డాక్టరమ్మ చేతిలో పెన్ను కింద పెట్టింది.

"కాఫీతో ఇస్తున్నారా?"

"మంచి కాఫీయే."

"పైగా కాల్షియంతో కలిపి! ఇంకేం పడుతుందయ్యా ఒంటికి? అది పరగడుపున ఒట్టి మంచినీళ్ళతో వేసుకోవాల్సిన మాత్ర. ఆ తర్వాత గంటదాకా కాఫీ జోలికే పోకూడదు. కాల్షియం ఏ మధ్యాహ్నం తర్వాతో వేసుకోవాలి. నేనిస్తున్న మందుని మీ కాఫీ తాగేస్తోంది."

"ఆ ముక్క ముందే ఏడవొచ్చు కదమ్మా!" అతని అరుపుకి బయట వరసలో కూర్చున్నవాళ్ళు తలుపు వైపు తిరిగారు.

"చెప్పే ఉంటాను. అందరికీ చెబుతాను." ఆవిడ గొంతులో ఇందాకటి దురుసు లేదు. "ఇంతమందిలో ఎవరికి ఏం చెప్పానో గుర్తుంటుందా?"

మేకులాయన ఇంకేం వినలేదు. సరుకు మంచిదే. బిగించిన చెయ్యే తప్పు, ఆ చెయ్యి తనది.

బయట బెంచీ చివర గోడకి తల ఆనించి కూర్చుని ఉంది భార్య. అతను పక్కన కూలబడ్డాడు.

"నా చేతుల్తో నేనే నిన్ను పాడు చేశానే. ఆ మాత్ర కాఫీతో వేసుకోకూడదట. ఇన్నాళ్ళూ మందుని విరిచేసింది నేనేనట. తిట్టవే నన్ను, నోరారా తిట్టు. లోపలున్న ఆ మహాతల్లి ఒక్క మాట చెప్పి ఉంటే నీకీ గతి పట్టేది కాదు."

ఆమె అతని చెయ్యి అందుకుంది. ఉబ్బిన వేళ్ళు ఐసుముక్కల్లా తగిలాయి.

"ఆవిణ్ణేం అనకండి. మొదటిరోజు నేనొక్కదాన్నే వచ్చినప్పుడే విడమరిచి చెప్పారు."

"నీకు తెలుసా?" అతను బిత్తరపోయాడు. "తెలిసీ రోజూ తాగావా? ప్రాణం మీదికి తెచ్చుకున్నావే! నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే, మాత్రా మంచినీళ్ళూ మంచం పక్కన పెట్టేసి కొట్టుకెళ్ళిపోతారు కదండీ."