పోసే ముందు

"అమ్మా, ఈ సీటు ఖాళీయేనా?"

"ఖాళీయేనండి" అంది లిఖిత, ఒళ్లో లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే.

తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కదలడానికి సిద్ధంగా ఉంది. కర్ర తగిలిన చప్పుడుకి లిఖిత పక్కకు చూసింది. నల్ల కళ్లద్దాలు, మడతపెట్టే తెల్లకర్ర, భుజాన గుడ్డసంచి. అరవై దాటిన మనిషి. గబుక్కున లేచి చెయ్యందించింది.

"ఫర్వాలేదమ్మా, ఈ బండి నాకు అలవాటే" అంటూ ఆయన కూర్చుని, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు.

అందులోంచి సన్నగా ఏదో గొంతు గడగడా వాగుతోంది. పాటలు కావు, వార్తలూ కావు.

"ఏం భాషండీ బాబాయిగారూ అది?"

"ఫోను చదివి వినిపిస్తుందమ్మా. నేను కాస్త వేగంగా వింటాను. కొత్తవాళ్లకి అలాగే ఉంటుంది."

"కథలా?"

"ఎవరో రాసింది. బాగా రాశారు. ఒక్కచోటే తేడా ఉంది. నేనే పొరబడ్డానేమోనని మళ్లీ వింటున్నా."

లిఖిత తన పనిలో పడింది. పని అంటే కీబోర్డును బాదడమే.

"ఏంటమ్మా, దాని మీద అంత కోపం?"

అడిగిందే తడవు, కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

దేశదేశాల్లో ఎవరెవరో కలిసి ఊరికే రాసి పెడుతున్న ఆపరేటింగ్ సిస్టం ఒకటుంది. ఆస్పత్రుల్లో, బడుల్లో ఎన్నో కంప్యూటర్లను నడిపిస్తున్నది అదే. అందులో లిఖిత వాటా చిన్న ముక్క. కంప్యూటర్‌కు ఏ పరికరం తగిలించినా, దాని పేరు అడిగి లోపల దాచుకునే కోడ్. నెలల తరబడి కూర్చుని రాసింది. ఈ సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే ఈసారి విడుదలలో దానికి చోటుండదు. ఒప్పుకోవాల్సిన మనిషి మాత్రం ససేమిరా అంటున్నాడు.

"ఎస్.ఆర్. అట. రెండక్షరాలు తప్ప ఊరూ పేరూ తెలీదండి. ఎన్నిసార్లు పంపినా ఇంగ్లీషులో ఒకటే ప్రశ్న. పేరు నువ్వు ఉంచిన చోటుకన్నా పొడుగుంటే ఏం చేస్తావని."

"మరి నువ్వేమన్నావు?"

"బోలెడంత చోటు పెట్టానండి. అంత పొడుగు పేరు ఎవరు పెడతారు? ఏ మంచు దేశంలోనో కూర్చుని తిప్పి కొడుతున్నాడు. అసలు చదివాడో లేదో! ఆయనకి కళ్లున్నాయా..."

లిఖిత నాలిక కరుచుకుంది.

ఆయన హాయిగా నవ్వాడు. "అడగాల్సిన మాటే. కాఫీ తాగుతావా అమ్మా?"

సంచిలోంచి ఫ్లాస్కు, రెండు కాగితం గ్లాసులు తీశాడు.

"ఇటివ్వండి, నేను పోస్తాను."

ఒక కన్ను లాప్‌టాప్ మీదే ఉంచి పోసింది. గ్లాసు నిండింది, పొంగింది, కారింది.

"అయ్యయ్యో, సారీ అండి!"

"చెయ్యి కాలిందా తల్లీ?"

"లేదండి. మీ సంచిలోకి పోయింది. తువ్వాలు తడిసింది."

"పోనీలే."

రెండో గ్లాసు ఆయనే పోశాడు. ముందు చూపుడువేలు అంచుకు లోపలగా ఆనించాడు. కాఫీ వేడి వేలికి తగలగానే ఠక్కున ఆపేశాడు. ఒక్క చుక్క ఒలకలేదు.

"పోసేవాడు మంచివాడో కాదో, ఫ్లాస్కులో ఎంతుందో నాకు కనపడదు కదమ్మా. అందుకని గ్లాసులో ఎంత పడుతుందో ముందు చూసుకుంటా. ఒలికితే గ్లాసుకేం కాదు, పాడయ్యేది పక్కనున్న సంచి."

లిఖిత చేతిలో కాఫీ అలాగే ఉండిపోయింది.

పక్కనున్న సంచి!

పేరు పొడుగైతే తను కట్టిన చోటు దాటి పక్కకు ఒలుకుతుంది. పక్కన ఉండేది కంప్యూటర్ ప్రాణం. ఏ దొంగవెధవో కావాలనే బారెడు పేరు పెట్టి, అందులో తన ఆజ్ఞలు దాచి పంపితే? తాళాలన్నీ వేసి, దొడ్డితలుపు తనే తీసిపెట్టింది.

కాఫీ కింద పెట్టేసి రాయడం మొదలెట్టింది. ముందు పొడుగు కొలవాలి. పట్టేదైతేనే పొయ్యాలి. కాదంటే గుమ్మంలోనే ఆపెయ్యాలి.

వేమూరు వెళ్లిపోయింది. భట్టిప్రోలు వచ్చింది.

"వస్తానమ్మా. కాఫీ చల్లారిపోతుంది, తాగు."

"ఆఁ" అంది లిఖిత, తల ఎత్తకుండానే.

బండి దిగేలోగా సరిచేసిన కోడ్ పంపేసింది. సాయంత్రం రేపల్లెలో పిన్ని ఇంట్లో కాళ్లు కడుక్కుంటుంటే ఫోన్లో మెసేజ్ వచ్చింది. ఎస్.ఆర్. ఒప్పుకున్నాడు!

"పిన్నీ!" అని అరిచి, మళ్లీ తెరవైపు చూసింది. కింద ఇంకో మాట ఉంది. ఇన్నాళ్లూ ఇంగ్లీషు తప్ప రాయని మనిషి ఈసారి తెలుగులో రాశాడు.

"పోసే ముందు వేలు పెట్టి చూశావమ్మా, చాలా సంతోషం. తువ్వాలు ఆరిపోయింది."

లిఖిత తడికాళ్లతో అలాగే నిలబడిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కాఫీ ఇచ్చిన మనిషికి ఒక దణ్ణం పెట్టలేదు, పేరైనా అడగలేదు.

తనే పొరబడ్డాడేమోనని ఆయన దారిపొడుగునా మళ్లీ మళ్లీ విన్నది లిఖిత కోడే.