చేతులు కడిగే తొట్టి

ఆ రాత్రి హిందూపురం షెడ్డులో వెండి దిమ్మను మిల్లింగ్ మిషన్లో చెక్కి, మారుతి ఒక్కడే మిషన్ ఆపినాడు. వెండి పొడి బయటికి పోకుండా, ఎవరైనా సరే తలుపుకు లోపలపక్క ఉండే తొట్టిలో చేతులు కడుక్కునే పోవాల. ముసలి మేస్త్రీ సంజీవప్ప దగ్గరుండి కడిగించేవాడు. ఆయన బొటనవేలు ఈ మిషనే తినింది. పోయిన నెల మనిషే పోయినాడు.

ఇంక అడిగేవాళ్లు లేరు. పెంచుకున్న బొటనగోరు కింద వెండి పొడి కుక్కుకొని, మారుతి తలుపు తీయబోయినాడు.

వెనక తొట్టిలో నీళ్లు కదిలినాయి.

“ఏమబ్బా, కడుక్కోకుండానే పోతాండావు?” అదే సంజీవప్ప గొంతు.

మారుతి వెనక్కొచ్చి చేతులు ముంచినాడు. అడుగునుంచి చల్లటి చెయ్యొకటి లేచి, అతని వేళ్లను ఒక్కొక్కటే ఓపిగ్గా రుద్దింది. దానికి నాలుగే వేళ్లు. మారుతి బొటనవేలి దగ్గరికొచ్చి అది ఆగింది.

గట్టిగా పట్టుకుంది.