ఇత్తడి అతుకు

ఐలవ్వను ఆ రోజు మొదటిసారి షెడ్డులోకి రమ్మన్నాడు హనుమండ్లు.

నాలుగేళ్ల కాపురంలో ఆమె ఆ గడప తొక్కలేదు. మందమర్రి బొగ్గుగనుల్లో పని నేర్చుకొచ్చి మంథనిలో షెడ్డు వేసుకున్న మనిషి అతను. పోత ఇనుము సామాను పగిలితే ఇత్తడి కరిగించి అతుకుతాడు. ఆ పని దగ్గరికి ఆమెను రానిచ్చేవాడు కాదు.

పిల్లలు పుట్టలేదని, మళ్లీ పెళ్లి చేసుకుంటానని దసరాకు ముందే కులపెద్దల్ని అడిగాడు. వాళ్లు ఒప్పుకోలేదు. ఆమె చేతిలో ఇంటికి నష్టమేదైనా జరిగితే అప్పుడు చూద్దామన్నారు. అప్పటి నుంచి ఐలవ్వ పాలగిన్నె దించాలన్నా రెండు చేతులూ పెట్టేది.

ఇప్పుడు పిలిచి తిత్తి ఊదమన్నాడు. కొలిమి మీద ఇంజన్ హెడ్డు ఎర్రగా కాలుతోంది. అది అతని దోస్తు అంతయ్యదని చెప్పాడు. నీళ్లు తోడే ఇంజన్ పగిలి, పొలం ఎండుతోందని అంతయ్య ఊరంతా చెప్పుకుంటున్నాడు. అతుకు పట్టేందుకు వెలిగారం పొడి చల్లి ఇత్తడి కడ్డీ ఆనించగానే, అది నెయ్యిలా కరిగి పగులులోకి దిగింది. ఐలవ్వ నోరు తెరుచుకుని చూసింది.

హనుమండ్లు చేతులు కడుక్కుని తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"పెద్దపల్లి దాక పోయొస్త. అంతయ్య వచ్చేసరికి జర సల్లగ జేసి పెట్టు."

"ఎట్ల జెయ్యాలె?"

"కమ్మరోళ్ల బిడ్డవు. నీకు నేను జెప్పాల్నా?"

పెళ్లయ్యాక అతని నోట విన్న మొదటి మెప్పు అది. పుట్టింట్లో కాలిన కొడవళ్లను నీళ్లలో ముంచింది తనే. సంబరంగా బిందెడు నీళ్లు తెచ్చి హెడ్డు మీద పోసింది.

ఠంగుమంది. ఆవిరి తగ్గాక చూస్తే రెండు ముక్కలు.

మర్నాడే పెద్దలు కూర్చున్నారు. తన పంట పోయినట్టేనని, ఆ నష్టం హనుమండ్లే కట్టాలని అంతయ్య కండువాతో కళ్లొత్తుకున్నాడు. హనుమండ్లు తల ఎత్తలేదు, ఆమెను ఒక్క మాటా అనలేదు. పెద్దలకు అతని మీద జాలి కలిగింది.

తిట్టింది ఆమె తండ్రి గంగయ్యే.

"అది కొడవలా బిడ్డా, నీళ్లు వొయ్యనీకి? పోత ఇనుమాయె. బూడిదల కప్పి మెల్లగ సల్లారనియ్యాలె. తెలువకుంటె అడగొద్దా?"

అడిగిన బాపూ, అనబోయి ఆగిపోయింది ఐలవ్వ. అతను అన్న ఆ ఒక్క మంచిమాటను నలుగురి ముందు తప్పుగా నిలబెట్టడానికి మనసొప్పలేదు.

తెగదెంపులు చేశారు. ఆ సాయంత్రమే చీరల మూటతో ఆమెను తండ్రి ఎడ్లబండిలో ఎక్కించుకున్నాడు.

బండి ఊరు దాటి అంతయ్య పొలం పక్కగా పోతుంటే, నిండుగా నీళ్లు పారుతున్న పచ్చటి మడి గట్టున ఇంజన్ నడుస్తోంది, దాని హెడ్డు మీది ఇత్తడి అతుకుకు ఎన్నో రోజుల మసి పట్టి ఉంది.