స్పేస్ నొక్కి పట్టుకుంటే

"నా కీబోర్డుకు ఎవరో చేతబడి చేసిన్రు సార్!"

రజిత అరుపుకు మెట్టుగూడ ఆఫీసంతా తలలెత్తి చూసింది. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని రిపోర్టులు టైపు చేసే ఆఫీసు అది.

మేనేజరు హరికిషన్ వచ్చాడు. "ఏందమ్మా ఈ లొల్లి?"

"స్పేస్ మీద వేలు జెర ఆగితే చాలు సార్, ఎల్ కొడితే ఎస్ పడుతున్నది. జే కొడితే ఎఫ్. పొద్దుగాల్నుంచి ఒక్క రిపోర్టు సుత కాలే."

స్కూటీ మీంచి పడ్డాక ఆమె ఎడమ చెయ్యి చచ్చుబడిపోయింది. ఈ నెలాఖరుకు స్పీడు రాకపోతే ఉద్యోగం ఉండదని హరికిషన్ ముందే చెప్పేశాడు. పాపా, తనూ బతికేది ఈ జీతం మీదే.

"ఈ లినక్స్ కంప్యూటర్లల కీలు మార్చుడు రిచర్డ్ ఒక్కనికే వస్తది," అన్నాడు పక్క సీటు సదాశివ.

రిచర్డ్ పేరు చెబితేనే రజితకు ఒళ్లుమంట. కంప్యూటర్లు చూసుకోవడానికి ఈమధ్యే చేరాడు. ఎవరితోనూ కలవడు. ఎడమ చెయ్యి ఎప్పుడూ ప్యాంటు జేబులోనే. అందరూ చాటుగా 'హీరో' అంటారు. అంత పొగరేమిటో మరి!

కాసేపటికి రిచర్డ్ రొప్పుతూ వచ్చాడు.

"కీలు మార్చింది నువ్వేనా?" అడిగాడు హరికిషన్.

"నేనే సార్. నిన్న సాయంత్రం పెట్టాను. పొద్దున్నే వచ్చి మేడమ్ గారికి చెబుదామనుకున్నానండి, బస్సు దొరకలేదు."

"ఏం చెప్తవ్?" రజిత లేచి నిలబడింది. "నన్ను ఎల్లగొట్టి నీవోళ్లను తెచ్చుకుందామనా?"

"అయ్యో, అది కాదండీ. రెండు నిమిషాలు కూర్చుంటే చూపిస్తాను. స్పేస్ నొక్కి పట్టుకుంటే..."

"నాకేం చూపియ్యకు! రెండు చేతులున్నోనికి నా తక్లీఫ్ ఏం తెలుస్తది?"

రిచర్డ్ కుడి చేత్తో నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"అడగకుండా మిషన్ ముట్టుకుంటవా?" అని హరికిషన్ ఆ రోజే అతన్ని పంపించేశాడు. కీలన్నీ మళ్లీ మామూలుగా అయ్యాయి.

రజిత స్పీడూ మామూలుగానే ఉండిపోయింది. నెలాఖరున ఆమెకూ 'సారీ అమ్మా' అని చెప్పేశారు.

ఐడీ కార్డు ఇవ్వడానికి ఏడ్చుకుంటూ సిస్టమ్ రూముకు వెళ్లింది. రిచర్డ్ స్థానంలో వచ్చిన తిరుమల్ పాత సామాను సర్దుతున్నాడు.

"అక్కా, రిచర్డన్న నీకు పెట్టిన సెట్టింగ్ ఇప్పుడే చూసిన. కమాల్ పని! స్పేస్ పట్టుకుంటే ఎడమ దిక్కు అక్షరాలన్నీ కుడి దిక్కుకొస్తయి. అలవాటైతే ఒంటి చేత్తోని రిపోర్టు మొత్తం కొట్టొచ్చు."

రజిత కళ్లు తుడుచుకుంది. "నా కోసం తయారు చేసిండా?"

"తయారుచేసుడేంది, ఎప్పటిదో. ఆయన లాగిన్‌ల సుత గదే ఉండె."

"జెర ఆయన నంబరియ్యి తమ్మీ. కాళ్లు పట్టుకుంట."

"నేను సుత ఫోన్ చేసిన అక్కా. బంద్ వస్తున్నది."

తిరుమల్ సామాన్లలోంచి ఒక కీబోర్డు తీసి బల్ల మీద పెట్టాడు. "గిది ఆయనదే."

కుడివైపు కీల మీద అక్షరాలు అరిగి అరిగి కనబడటమే లేదు.

ఎడమవైపు కీలు మాత్రం, ఏనాడూ ఏ వేలూ తగలనట్టు, కొన్ననాటి అక్షరాలతో దుమ్ము పట్టి ఉన్నాయి.